మేతగుంటలో ఒక్క చేప

మా చెల్లెలి కొడుకు సురేన్, బంటింగ్ ఊరి అవతల ఒక చెరువు కౌలుకు తీసుకున్నాడు. అందులో బాస్ చేపల్ని పెంచి, సెలవు రోజుల్లో గాలం వేసుకోవడానికి వచ్చేవాళ్ళకి వదులుతాడట. పోయిన నెల క్లాంగ్‌లో మా ఇంటికి వచ్చి, "పెద్దమ్మా, తాత ఇదే వేలై సేసినాడు కదా లా. నీకన్నీ తెలుసంట, అమ్మ సెప్పింది. ఒకసారి వచ్చి సూడు లా," అన్నాడు. వాడికి తెలుగు అంతంతమాత్రం. తమిళం, మలై భాష కలిపి మాట్లాడతాడు, పనిని వేలై అంటాడు, మాట మాటకీ లా తగిలిస్తాడు. అయినా నా దగ్గర మాత్రం తెలుగే మాట్లాడాలని ప్రయత్నిస్తాడు, అందుకే కాదనలేకపోయాను. కారులో తీసుకెళ్ళాడు. పెద్ద చెరువు మధ్యలో గాలి చక్రాలు తిరుగుతూ నీళ్ళు చిమ్ముతున్నాయి. నీళ్ళలో ఏదో పరికరం వేలాడదీశాడు, దాని లెక్కలన్నీ ఫోనులో కనబడతాయి. గట్టు మీద నాలుగు స్తంభాలకి నాలుగు కెమెరాలు. పక్కనే చిన్న గుంట తవ్వి తిలాపియా చేపల్ని వదిలాడు. వాటి పిల్లలే బాస్‌కి తిండి.

ఆ చిన్న గుంట దగ్గర చాలాసేపు నిలబడ్డాను. "ఇందులో ఏటి ముఖ్యం పెద్దమ్మా?" అని అడిగాడు. ఒక్క బాస్ కూడా ఇందులో పడకుండా చూసుకోమన్నాను. "ఒక్కటి పడితే ఏటవుద్ది లా?" అని నవ్వాడు. ఎండ ఎక్కువగా ఉంది, కారులో కూర్చుందాం పద అన్నాను. ఇంటికి వచ్చిన మూడో రోజు పొద్దున ఈ కాగితాలు తీసుకుని కూర్చున్నాను. నాకిప్పుడు యాభై దాటింది. వాడడిగిన ప్రశ్నకి జవాబు నాకు పదిహేడేళ్ళప్పటి నుంచీ తెలుసు.

అప్పట్లో మేముండేది సుంగై సిపుట్ దగ్గర ఒక రబ్బరు తోటలో, కూలీల లైన్ ఇళ్ళ వరసలో చివరి ఇంట్లో. మా తాతల్ని విశాఖపట్నం వైపు నుంచి ఓడలో ఈ మలేసియాకి తీసుకొచ్చారని చెప్పుకునేవాళ్ళు, అంతకు మించి ఎవరికీ తెలియదు. మా అయ్య చాలా ఏళ్ళు రబ్బరు చెట్లు గీశాడు. తోట పక్కనే ఒకప్పుడు తగరం తవ్వి వదిలేసిన పెద్ద గుంత ఉండేది. నీళ్ళు నిండి చెరువైపోయింది. ఈపోలో ఉండే ఒక తౌకే, చైనా షావుకారు, దాన్ని కొని, చుట్టూ కంచె వేయించి, తనూ తన స్నేహితులూ గాలం వేసుకోవడానికి బాస్ చేపల్ని వదిలాడు. ఒంటి మీద నల్ల పట్టీలు, తోక మీద నెమలికన్ను, పసుపు పొట్ట. అప్పటికి ఆ చేప మా వైపు కొత్త. అందరూ దాన్ని రాజా అనేవాళ్ళు. రాజాకి బతికున్న చేపే కావాలి, చచ్చినదాన్ని కన్నెత్తి చూడదు. అందుకని పెద్ద చెరువు పక్కన అరెకరం మేతగుంట తవ్వించాడు తౌకే. దాన్ని చూసుకోవడానికి మా అయ్యని పెట్టుకున్నాడు. చెరువుని మలైలో కోలం అంటారు. మాకు ఆ రెండూ పెద్ద కోలం, చిన్న కోలం అయిపోయాయి.

ఆ రోజులు తలుచుకుంటే మొదట వచ్చేది వాసన. వసారాలో తవుడు బస్తాలు, వాటి పక్కన ఎండిన కోడిపెంట బస్తాలు. అమ్మ గుమ్మం బయట బకెట్టు నిండా నీళ్ళు, సబ్బుముక్క పెట్టేది. మోచేతుల దాకా, మోకాళ్ళ దాకా రుద్దుకుంటే గాని అయ్యని లోపలికి రానిచ్చేది కాదు. ఆయన ఏమీ అనకుండా రెండుసార్లు రుద్దుకుని, చేతులు వాసన చూసుకుని, అమ్మ ముందు పెట్టి, ఆమె తలూపాక లోపలికి వచ్చేవాడు. అయినా కంచం ముందు కూర్చునేసరికి ఆ వాసన కూడా వచ్చి కూర్చునేది. నా స్కూలు బట్టలకి అది అంటుతుందని, వాటిని పక్కింటి వాళ్ళ తీగ మీద ఆరేసేదాన్ని. అప్పట్లో నా సిగ్గంతా అదే. మా అయ్య తోటలో మిగతావాళ్ళ నాన్నల్లా రబ్బరు పాల వాసన వెయ్యకుండా కోడిపెంట వాసన వేస్తాడని.

పనిలో మాత్రం ఆయన్ని చూస్తే ఎవరికైనా ముచ్చటేసేది. తెల్లారగానే గట్టు మీద బోర్లా పడుకుని, చెయ్యి మోచేతిదాకా నీళ్ళలో పెట్టి అరచెయ్యి కనబడుతుందా అని చూసేవాడు. బాగా కనబడితే నీళ్ళలో నాచు చాలలేదని, కోడిపెంట మూటగట్టి ఒక మూల నీళ్ళలో వేలాడదీసేవాడు. మణికట్టు దగ్గరే చెయ్యి మాయమైతే నీళ్ళు చిక్కబడ్డాయని మూట పైకి తీసేసేవాడు. సాయంత్రం తవుడు చల్లేవాడు, గుప్పెళ్ళతో, ఒకే చోట, ఒకే వేళకి. గట్టు మీద అడుగుల చప్పుడు వినగానే పిల్లచేపలు మూలకి చేరి నీటి పైన వానచినుకుల్లా కదిలేవి. శుక్రవారం వల వేసి వేలెడంత పిల్లల్ని పట్టి పెద్ద కోలంలో వదిలేవాళ్ళు. మరీ చిన్నవీ, గుడ్లు పెట్టే పెద్ద తిలాపియాలూ ఇక్కడే ఉండాలి. పెద్ద కోలానికి ఎర్ర బకెట్టు, చిన్న కోలానికి నీలం బకెట్టు. ఎర్ర బకెట్టు చిన్న కోలం గట్టు ఎక్కకూడదు. దానిలో అంటుకుని ఒక్క రాజా పిల్ల వచ్చినా ఇక్కడి తిండంతా దానిదే అవుతుందనేవాడు అయ్య. వానాకాలంలో కొరమీను గడ్డిలో పాక్కుంటూ వస్తుందని కంచె కింద రేకులు కూడా పాతించాడు.

వలకి అటు కొస అయ్య పట్టుకుంటే ఇటు కొస గవరయ్య బాబాయి పట్టుకునేవాడు. నిజం బాబాయి కాదు. అయ్యతో పాటు రబ్బరు గీసినవాడు, ఆయన కంటే పదేళ్ళు చిన్న. తౌకే ఇంకో మనిషి కావాలన్నప్పుడు అయ్యే ఆయన్ని తెచ్చి పెట్టాడు. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. నడుంలోతు నీళ్ళలో వల లాగుతూ కూడా ఏదో ఒకటి చెప్పి అయ్యని నవ్వించేవాడు. అయ్యని ఇంట్లో మేము ఎప్పుడూ అంతగా నవ్వించలేదు. ఆయన భార్య పైడమ్మ పిన్ని, కొడుకు అప్పన్న, వాడికి ఆరేళ్ళు. నాకు సైకిలు తొక్కడం నేర్పింది గవరయ్య బాబాయే. బడి ఆఖరి ఏడు, ఐదో ఫారం పరీక్షలప్పుడు బస్సుని నమ్ముకోకూడదని, పరీక్ష ఉన్న ప్రతి రోజూ నన్ను తన మోటారు సైకిలు మీద దించి, పరీక్ష అయ్యేదాకా గేటు బయట కూర్చుని, మళ్ళీ ఎక్కించుకుని వచ్చాడు. "ఎలా రాసినావమ్మా" అని ఒక్కసారి కూడా అడగలేదు. "ఆకలేస్తందా" అని అడిగేవాడు.

పరీక్షలైపోయి ఫలితాల కోసం చూస్తున్న నెలల్లో మధ్యాహ్నం పూట నేను కోలం దగ్గరే ఉండేదాన్ని. గట్టు మీద వలలు దాచే కొట్లో కూర్చుని పుస్తకం చదువుకుంటూ, కొంగలొస్తే తోలుతూ, వేళకి తవుడు చల్లుతూ. ఒక శనివారం తౌకే స్నేహితుడెవరో పెద్ద రాజాని పట్టాడు. అది తల్లి. ఆ చేప తన పిల్లల్ని నెలల తరబడి కాపలా కాస్తుంది. గాలం పడిన చోటే, గట్టు పక్కన, వాళ్ళందరూ ఫోటోలు తీసుకుంటూ ఉంటే, నేను నీళ్ళలోకి చూశాను. గోరంత పిల్లలు వందల కొద్దీ ఒక ముద్దలా తిరుగుతున్నాయి. ఎటు పోవాలో తెలియక ముద్ద ఇటు సాగుతోంది, అటు సాగుతోంది. అంతలో మిగతా రాజాలే వచ్చి వాటిని మింగడం మొదలుపెట్టాయి. నా చేతిలో తవుడు కొలిచే పాలడబ్బా ఉంది. ముంచాను. మూడు పిల్లలు వచ్చాయి. అవి డబ్బాలో గుండ్రంగా తిరుగుతుంటే మళ్ళీ ఆ నీళ్ళలో వెయ్యడానికి చేతులు రాలేదు. కొట్టు వెనక నుంచి వెళ్ళి, చిన్న కోలంలో తూటికూర పెరిగిన మూల వదిలేశాను. అయ్య చెప్పిన మాట నాకు తెలియక కాదు. వేలెడంత అయ్యాక పట్టి తిరిగి పెద్ద కోలంలో వేసేద్దామనుకున్నాను, ఎవరికీ తెలియకుండా.

రెండు ఎప్పుడో కనబడకుండా పోయాయి. ఒకటి మిగిలింది. కొన్నాళ్ళు నేను తవుడు తెచ్చినప్పుడల్లా తూటికూర కింద బంగారు రంగు మెరిసేది. నాకు సంతోషంగా ఉండేది, ఆ మాట దాచను. తర్వాత అది లోతుకి వెళ్ళిపోయింది. చేతివలతో ప్రయత్నించాను, దొరకలేదు. రెండు మూడు నెలలు గడిచేసరికి శుక్రవారం వలలో పిల్లలు తగ్గసాగాయి. ముందు అయ్య పట్టించుకోలేదు. తర్వాత కోడిపెంట మార్చాడు. తవుడు మార్చాడు. కొంగలని తీగలు కట్టాడు. కొరమీను జొరబడిందేమోనని కప్పల్ని గుచ్చి గాలాలు పెట్టాడు, ఒక్కదానికీ ఏదీ తగల్లేదు. సాయంత్రాలు అన్నం ముందు కూర్చుని, "తల్లి చేపలు బాగున్నాయి. గుడ్లు పెడతన్నాయి. పిల్లలు ఏటవుతన్నాయి?" అని అమ్మని అడిగేవాడు. అమ్మకి ఏం తెలుస్తుంది. నేను కంచంలోకి చూస్తూ తినేదాన్ని.

ఒక మధ్యాహ్నం అయ్య ఈపో వెళ్ళాడు. ఇంట్లో మేకుకి వేలాడే కొట్టు తాళంచెవి తీసుకుని, పెద్ద వల బయటికి లాగి, ఒక్కదాన్నే ఒక కొస కొయ్యకి కట్టి, ఇంకో కొసతో చుట్టూ తిరిగాను. మెడదాకా తడిశాను. ఆ చేప వల మీద నుంచి దూకి పోయింది. అప్పుడు చూశాను, అది వేలెడంత కాదు, జానెడు దాటింది. వలని మళ్ళీ కొట్లో పడేసి, తాళం వేసి, ఇంటికి పరుగెత్తి బట్టలు మార్చుకున్నాను. ఎండలో ఆరబెట్టాలన్న ఆలోచనే రాలేదు.

మర్నాడు పొద్దున అయ్య గుమ్మంలో నిలబడి పిలిచాడు. "పారోతీ, ఒల తడిసుంది. నువ్వు తీసినావా?"

"లేదయ్యా," అన్నాను.

"నిన్న మద్దేనం బాబాయి గాని వచ్చినాడా?"

"నేను తొందరగా ఇంటికి వచ్చేసినాను. నాకు తెలీదు."

కొట్టుకి రెండే తాళంచెవులు. ఒకటి మా మేకుకి, ఒకటి గవరయ్య బాబాయి మొలతాడుకి. అయ్య ఇంకేమీ అడగలేదు. అమ్మ పిలుస్తున్నా వినకుండా నడిచి వెళ్ళిపోయాడు. నేను అబద్ధం చెప్పింది ఒక మనిషిని ఇరికించాలని కాదు. తిట్లు తప్పించుకోవాలని. ఇన్నేళ్ళూ నన్ను నేను ఓదార్చుకోవడానికి వాడుకున్న మాట ఇది. ఇక్కడ రాస్తే ఎలా ఉంటుందో చూద్దామని రాశాను. చూస్తుంటే దీనిలో ఓదార్పేమీ కనబడటం లేదు.

పైడమ్మ పిన్ని అప్పుడప్పుడు పసార్‌లో, అంటే సంతలో, ఎండు చేపలు అమ్మేది. వాళ్ళ తమ్ముడు ఏట్లో పట్టి తెచ్చే చిన్న చేపలవి, తోటలో అందరికీ తెలుసు. అవి కోలం చేపలేనని ఎవరో తౌకే చెవిన వేశారు. ఆయన శనివారం వచ్చి, గాలం కూడా తియ్యకుండా, అయ్యని పక్కకి పిలిచి మాట్లాడాడు. ఆ మనిషిని పంపెయ్యి, లేదంటే ఇద్దరూ పొండి అన్నాడని తర్వాత అమ్మ చెప్పింది. అయ్య నాలుగు రోజులు ఊగిసలాడాడు. వల తడిసి ఉండకపోతే ఆయన తౌకేతో పోట్లాడేవాడని నాకు నమ్మకం. ఐదో రోజు పొద్దున నేను తవుడు గిన్నె పట్టుకుని కొట్టు దగ్గర ఉండగానే అయ్య అన్నాడు, "గవరా, రేపటి నుంచి రావద్దు."

"ఏటన్నా?"

"తౌకే వద్దన్నాడు."

"తౌకే అన్నాడా, నువ్వంటన్నావా?"

అయ్య నీళ్ళ వైపు చూశాడు. గవరయ్య బాబాయి ఆయన మొహం వంకే చూస్తూ ఉన్నాడు, ఇంకో మాట వస్తుందేమోనని. రాలేదు. మొలతాడు నుంచి తాళంచెవి విప్పి తవుడు బస్తా మీద పెట్టాడు. వెళ్తూ నా దగ్గర ఆగాడు. "రిజల్టు వస్తే కబురు పెట్టమ్మా," అన్నాడు.

మా తోట చిన్నది. మాట కుళాయి దగ్గర మొదలైతే మధ్యాహ్నానికి గుడి దాకా వెళ్ళేది. పైడమ్మ పిన్ని బిందె పెడితే పక్క బిందెలు కాస్త జరిగేవి. అప్పన్నని పిల్లలు చేపల దొంగ కొడుకా అని పిలిచారు. వాడు దాని అర్థం తెలియక మొదటి రోజు నవ్వాడట. పిన్ని మా ఇంటి ముందు నుంచే నడిచి వెళ్ళేది, తల తిప్పేది కాదు. నెల తిరక్కుండానే వాళ్ళు ఒక లారీలో సామాను వేసుకుని, చుట్టాలున్నారని సుంగై పెటాని వెళ్ళిపోయారు. అక్కడ కిలాంగ్‌లో పని దొరుకుతుందని ఎవరో చెప్పారు. ఫాక్టరీని మా వాళ్ళు కిలాంగ్ అనే అంటారు. లారీ కదిలేటప్పుడు అయ్య ఇంట్లోనే కూర్చున్నాడు. నేను వంటింటి కిటికీలోంచి చూశాను.

గవరయ్య బాబాయి వెళ్ళాక కూడా చేపలు తగ్గుతూనే వచ్చాయి. చివరికి అయ్య కోలం ఎండగట్టాడు. రెండు రోజులు పంపు నడిచింది. బురద తేలాక, మధ్యలో మిగిలిన కాసిన్ని నీళ్ళలో తోక కొడుతూ ముంజేయంత రాజా కనబడింది. అయ్య బురదలో నడిచి వెళ్ళి రెండు చేతులతో ఎత్తుకుని గట్టు మీదికి తెచ్చాడు. కడుపు కోశాడు. ఏడు తిలాపియా పిల్లలు, ఇంకా అరగనివి, గడ్డి మీద వరసగా పెట్టాడు. వాటి పక్కన కూలబడ్డాడు. "నా సేతుల్తోనే తెచ్చినాను. ఏదో ఒక నాడు తొందరలో ఎర్ర బకెట్టు ముంచుంటాను," అన్నాడు. వల తడిసిన సంగతి ఆయనకి గుర్తుందో లేదో, దానికి ఏ అర్థం చెప్పుకున్నాడో నాకు తెలియదు. మళ్ళీ ఎప్పుడూ ఆ ప్రస్తావన తేలేదు. నేను చీలమండల దాకా బురదలో నిలబడి ఉన్నాను. నోరు తెరిచాను. "అయ్యా," అన్నాను. "ఏటమ్మా," అన్నాడు. "మంచినీళ్ళు తెమ్మంటావా," అన్నాను.

ఆ ఆదివారమే తెల్ల చొక్కా వేసుకుని సుంగై పెటాని బయల్దేరాడు. బస్సు బోర్డులు చదవడానికి, మలైలో అడ్రసు అడగడానికి నన్ను తీసుకెళ్ళాడు. రెండు బస్సులు మారి, ఒకే నమూనాలో కట్టిన ఇళ్ళ మధ్య తిరిగి తిరిగి వాళ్ళ ఇల్లు పట్టుకున్నాం. గవరయ్య బాబాయి అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి, జేబు మీద పేరు కుట్టిన నీలం చొక్కాతో ఉన్నాడు. అయ్యని చూసి లేచి నిలబడ్డాడు. కుర్చీ వేశాడు. అయ్య కూర్చోలేదు. జరిగింది చెప్పాడు. "తప్పు నాది గవరా. నా బకెట్టుది. నిన్ను అనుమానించినాను," అంటూ ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. మా అయ్య ఏడవడం నేను చూడటం అదే మొదలు, అదే ఆఖరు. పైడమ్మ పిన్ని వంటింటి గుమ్మంలో ఉంది. అప్పన్న చాప మీద కూర్చుని చూస్తున్నాడు. గవరయ్య బాబాయి చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "పోనీలే అన్నా. అయిపోయినాది," అన్నాడు. తర్వాత, "నువ్వు నన్ను ఒక్క మాట అడిగుంటే సాలు. నన్నడగలేదు," అన్నాడు. తిరిగి రమ్మని అయ్య బతిమాలాడు. తోటలో పది మంది ముందు తానే చెబుతానన్నాడు. పైడమ్మ ఆ లైన్లోకి మళ్ళీ అడుగు పెట్టదని గవరయ్య బాబాయి తల అడ్డంగా ఊపాడు. నేను తలుపు పక్కన ఉన్నాను. నా తప్పుకి మా అయ్య వేరే మనిషి చెయ్యి పట్టుకుని క్షమించమంటుంటే, ఆ గదిలో నిజం తెలిసిన ఒకే ఒక్కదాన్ని, గోడకి ఉన్న క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను.

మరుసటి ఏడు అయ్య కోలం పని మానేసి ఒక స్కూలు గేటు దగ్గర కాపలాకి చేరాడు. నేను చదువుకుని టీచరునయ్యాను. ఎన్నో ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పాను. ఒకసారి నా క్లాసులో ఎవరో కిటికీ అద్దం పగలగొడితే, చేసినవాళ్ళు లేచేదాకా ఎవరూ ఇంటికి వెళ్ళరన్నాను. ఒక పిల్ల ఏడుస్తూ లేచింది. దాన్ని పంపించేసి, ఖాళీ గదిలో చాలాసేపు కూర్చున్నాను. అయ్య ఆస్పత్రిలో ఉన్న ఆఖరి వారాల్లో గవరయ్య ఊసు రెండు సార్లు ఎత్తాడు. వాడితో వల లాగినట్టు ఇంకెవరితోనూ కుదరలేదని. ఆయన ప్రాణం నెమ్మదిగా ఉందని, ఇప్పుడెందుకు కలత పెట్టాలని నాకు నేను చెప్పుకున్నాను. నా పిరికితనానికి ఎప్పటికప్పుడు ఇలా ఏదో ఒక మర్యాద దొరికేది.

ఇక్కడిదాకా రాసి మూడు వారాలు ఆపేశాను. సురేన్ చెరువు మీది కెమెరాలు ఊరికే గుర్తొచ్చేవి. అప్పట్లో ఒక కెమెరా ఉండుంటే నేను మర్నాడే దొరికిపోయేదాన్ని. నాలుగు దెబ్బలతో పోయేది. ఇప్పుడు నీళ్ళలో ఊపిరి ఎంతుందో ఫోను చెబుతుంది, వల ఎవరు తీశారో స్తంభం చెబుతుంది. అప్పుడు అన్నీ మనుషులే చెప్పాలి. అయ్య తన చేతిని నమ్మినట్టే నా మాటనీ నమ్మాడు. ఇప్పటి పిల్లలకి ఆ నమ్మకం వింతగా ఉంటుంది. దాన్ని చెడగొట్టినదాన్ని కాబట్టి అది ఎంత పెద్దదో నాకు తెలుసు.

చెల్లెల్ని అడిగి పైడమ్మ పిన్ని అడ్రసు తెప్పించాను. గవరయ్య బాబాయి రెండేళ్ళ కిందటే పోయాడని అప్పుడే తెలిసింది. అయినా సుంగై పెటాని వెళ్ళాను. అదే ఇల్లు, ముందు గది పెంచారు. పిన్నికి అరవై దాటాయి. జుట్టు నెరిసింది గాని నడక మారలేదు. నన్ను గుర్తుపట్టి, "మీ అయ్య కూతురివా. రా," అంది. కూర్చున్నాక చెప్పాను. ఇన్నేళ్ళూ కూడబెట్టిన మాటలు మొదటి వాక్యంలోనే తడబడ్డాయి. "పిన్నీ, అప్పుడొక తప్పు జరిగింది," అన్నాను.

"ఏటి జరిగింది?"

చెప్పాను. పాలడబ్బా, తూటికూర, వల, తాళంచెవి, అయ్య అడిగిన ప్రశ్న, నేనిచ్చిన జవాబు. ఆమె మధ్యలో ఆపలేదు. అయిపోయాక, "జరిగింది అన్నావు. జరగలేదు. నువ్వు సేసినావు," అంది.

"అవును పిన్నీ. నేను చేశాను."

"మీ అయ్యకి సెప్పినావా?"

"లేదు."

"మా ఆయనకి సెప్పలేదు. ఇద్దరూ పోయినాక నాకు సెప్తన్నావు. నువ్వు తేలికై ఎల్లిపోతావు. నేనేటి సేసుకోవాలి దీన్ని?"

ఆమె గొంతు పెంచలేదు, అదే ఇంకా కష్టంగా ఉంది. లేచి, "నాకొక్కదానికి సెప్తే సాలదు. అప్పన్న నాలుక్కి వస్తాడు. పిల్లలు బడి నుంచి వస్తారు. ఉండు. ఆళ్ళకి కూడా సెప్పు. ఈ ఊళ్ళో మన తెలుగోళ్ళలో ఇంకా మమ్మల్ని ఆ మాట అనేవోళ్ళున్నారు. మొన్న పెళ్ళిలో కూడా నవ్వుతా అన్నారు," అంది. అంత దూరం అది వాళ్ళ వెంట వచ్చిందని నాకు అప్పటిదాకా తెలియదు. తోటతోనే పోయిందనుకున్నాను.

నాలుగింటికి అప్పన్న వచ్చాడు. నలభైకి దగ్గరపడ్డాడు, తండ్రిలాగే పొట్టి, గట్టి మనిషి. వాడి కూతురు, కొడుకు స్కూలు సంచులు మూలన పడేసి వచ్చి కూర్చున్నారు. మొదలుపెట్టాను. పిన్ని ఆపింది. "తమిళంలో సెప్పు. పిల్లలికి తెలుగు రాదు," అంది. నేను తెలుగులో వెతుక్కున్న మెత్తని మాటలేవీ నాకు తమిళంలో రావు. స్కూల్లో పిల్లలతో మాట్లాడే తమిళమే వచ్చు. నేనే ఆ చేపని వేశాను, నేనే వల తీశాను, నేనే అబద్ధం చెప్పాను, మీ తాత ఏమీ తియ్యలేదు అని ఆ భాషలో చెప్పాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ పిల్ల నా మొహం చూసి, తర్వాత గోడ మీద తాత ఫోటో చూసి, తమిళంలో అడిగింది, "ఒకే ఒక్క చేపకా అత్తా?" అవునన్నాను.

అప్పన్న చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నేల చూస్తూ ఉన్నాడు. తర్వాత తెలుగులోనే, పలుకు పలుకూ వెతుక్కుంటూ అన్నాడు, "మా అయ్య ఆ తర్వాత చేప తినలేదక్కా. వల వాసన కూడా పడదనేవాడు. మేం ఏదో మొక్కు అనుకున్నాం." నా వైపు తిరిగాడు. "మీ అయ్య ఇక్కడికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. మా అయ్య సెయ్యి పట్టుకుని ఏడ్సినాడు. పెద్దోళ్ళు అలా ఏడుస్తారని నాకు తెలీదు అప్పటికి. ఆ రోజు నువ్వు కూడా వచ్చినావా? నాకు గుర్తులేదు."

"వచ్చాను," అన్నాను. "తలుపు పక్కన నిలబడి ఉన్నాను."